లూయిస్: మోర్స్ పోయాక మిగిలిన సార్జెంటు కథ, చూడాల్సిన వరుసతో సహా

పర్లాకిమిడి మనిషి విశాఖపట్నంలో నాలుగు మాటలు మాట్లాడితే చాలు, "మీది ఒడిశా వైపా?" అని అడుగుతారు. అదే మనిషి భువనేశ్వర్‌లో ఒడియా మాట్లాడితే తెలుగువాడని ఇట్టే పట్టేస్తారు. రెండు చోట్లా మనిషికంటే ముందు యాస వెళ్లి కూర్చుంటుంది. బ్రిటిష్ పోలీసు సిరీస్ ‘లూయిస్’ గురించి మన సరిహద్దు జిల్లాల వాళ్లకు పనిగట్టుకుని చెప్పడానికి కారణం ఇదే. ఇన్‌స్పెక్టర్ రాబీ లూయిస్ ఇంగ్లండులో ఉత్తరాన న్యూకాజిల్ వైపు వాడు. ఆ యాసను జోర్డీ అంటారు. ఉద్యోగమేమో దక్షిణాన ఆక్స్‌ఫర్డ్‌లో, ప్రశ్నలు వేయాల్సింది ప్రొఫెసర్లను, కాలేజీ పెద్దలను. అతను నోరు తెరవగానే ఎదుటివాళ్ల ముఖంలో చిన్న మార్పు వస్తుంది. అతను ఆ మార్పును చూస్తాడు, చూసి ఊరుకుంటాడు, తర్వాతి ప్రశ్న వేస్తాడు. సిరీస్ ప్రాణమంతా ఆ ఊరుకోవడంలోనే ఉంది.

దీనికి తల్లి సిరీస్ ‘ఇన్‌స్పెక్టర్ మోర్స్’. కాలిన్ డెక్స్‌టర్ నవలల పాత్రలతో బ్రిటన్ టీవీ చానెల్ ఐటీవీ 1987 నుంచి 2000 వరకు 33 ఎపిసోడ్లు తీసింది. జాన్ థా మోర్స్, కెవిన్ వేట్లీ అతని కింద సార్జెంటు లూయిస్. 1998లో వచ్చిన ‘ద వెంచ్ ఈజ్ డెడ్’ ఒక్కదానిలోనే లూయిస్ లేడు. 2000 నవంబరులో వచ్చిన చివరి ఎపిసోడ్‌లో మోర్స్ చనిపోయాడు, 2002 ఫిబ్రవరిలో థా కూడా పోయారు. ఆ తర్వాత 2006 జనవరి 29న ‘రెప్యుటేషన్’ అనే ఒక్క ఎపిసోడ్‌తో లూయిస్‌ను ఇన్‌స్పెక్టరుగా తెర మీదికి తెచ్చారు. జనం ఆదరించడంతో 2007 నుంచి సీజన్లు మొదలై 2015 నవంబరు 10 దాకా నడిచాయి. ఇదీ 33 కథలే. అంటే వేట్లీ ఒకే పాత్రను 65 కథల్లో, 28 ఏళ్ల వ్యవధిలో మోశారు. మొదట్లో నోట్‌బుక్కు పట్టుకుని పెద్దాయన వెనక పరుగెత్తే కుర్ర సార్జెంటు, చివర్లో మనవడిని ఎత్తుకునే వయసు మనిషి. ఇంత పొడుగు వయసు ఒకే ముఖం మీద కనబడే పోలీసు కథలు చాలా తక్కువ.

నవలల్లో లూయిస్ ఇలా ఉండడు. వేల్స్ వాడు, మోర్స్ ఈడువాడే. టీవీకి తెచ్చినప్పుడు వయసు తగ్గించి, ఊరు మార్చి ఉత్తరాది వాణ్ణి చేశారు. ఆ మార్పే పాతికేళ్లు తిండి పెట్టింది. మోర్స్ లాటిన్ ముక్కలు, ఒపేరా, పద పజిళ్ల మనిషి; లూయిస్ రాసిన రిపోర్టులో స్పెల్లింగు తప్పులు దిద్దేవాడు. దిద్దించుకున్నవాడే ఇన్‌స్పెక్టరయ్యాక తన కింది సార్జెంటును ఎలా చూస్తాడన్నది ‘లూయిస్’ అడిగిన ప్రశ్న. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరు పర్లాకిమిడి. జనం నోట్లో ఉన్న తెలుగే రాతలోకి రావాలని పోరాడినవాడు, సవర భాషను కూర్చుని నేర్చుకుని దానికి వ్యాకరణం రాసినవాడు ఆయన. పండితుల మాటకూ పనివాళ్ల మాటకూ మధ్య దూరం ఎంతుంటుందో ఈ ప్రాంతానికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆ దూరానికి టౌన్ అండ్ గౌన్ అని పేరు. ఊరివాళ్లు ఒకటి, గౌను వేసుకున్న యూనివర్సిటీవాళ్లు ఒకటి. సిరీస్‌లో ప్రతి హత్యా దాదాపు ఆ గీత మీదే జరుగుతుంది.

మొదటి ఎపిసోడ్‌లో లూయిస్ బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లో రెండేళ్లు డ్యూటీ చేసి విమానాశ్రయంలో దిగుతాడు. అంతకుముందు భార్య వాల్‌ను ఎవరో కారుతో గుద్ది ఆపకుండా వెళ్లిపోయారు. తీసుకెళ్లడానికి వచ్చిన సార్జెంటు జేమ్స్ హాథవే (లారెన్స్ ఫాక్స్) కేంబ్రిడ్జ్‌లో మతశాస్త్రం చదివి, ఫాదర్ అవుదామని సెమినరీలో చేరి, మధ్యలో వదిలేసి పోలీసైనవాడు. కొత్త చీఫ్ సూపరింటెండెంట్ ఇన్నొసెంట్ (రెబెకా ఫ్రంట్) దృష్టిలో లూయిస్ కాలం చెల్లిన సరుకు; శిక్షణ ఇచ్చే పనికి పంపేద్దామని ఉంటుంది ఆమెకు. ఫోరెన్సిక్ డాక్టర్ లారా హాబ్సన్ (క్లేర్ హోల్మన్) ఒక్కతే పాత సిరీస్ నుంచి వచ్చిన మనిషి. ఇలా చూస్తే మోర్స్ జంట ఇక్కడ తిరగబడింది. ఇప్పుడు పుస్తకాల మనిషి కింద ఉన్నాడు, మామూలు మాటల మనిషి పైన ఉన్నాడు. హాథవే గ్రీకు పేరేదో చెబితే లూయిస్ నామోషీ పడడు, "అదేంటి?" అని నేరుగా అడుగుతాడు. అడగడం వల్ల మనకూ తెలుస్తుంది. చదువుకున్న సాక్షులు కూడా అతనికి విడమరిచి చెప్పబోయి, చెప్పకూడనిది చెప్పేస్తారు. దర్యాప్తు పద్ధతిగా ఇది చాలా నిజమైనది.

ఇక చూసే పద్ధతి. ఎపిసోడ్ గంటన్నర పైచిలుకు. మొదటి పది నిమిషాలు నాలుగైదు చోట్ల నాలుగైదు గుంపుల్ని ముక్కలు ముక్కలుగా చూపిస్తారు, పేర్లు చెప్పరు. చాలామంది చూడటం మానేసేది ఇక్కడే. ఒక కాగితం మీద పేరు కాకుండా గుర్తు రాసుకోండి: ఎర్ర స్కార్ఫు అమ్మాయి, చేతికర్ర ప్రొఫెసరు, పడవ నడిపే కుర్రాడు. అరగంట దాటేసరికి పేర్లు వాటి పక్కన చేరతాయి. అనుమానితులు ఎనిమిది పది మంది ఉంటారు. సగం దాటే వేళకు రెండో హత్య జరగడం మామూలు, మూడోది కూడా అరుదు కాదు. రెండో శవం దగ్గర ఒక నిమిషం ఆపి, మొదటి హత్యకు కారణమని మీరనుకున్నది ఇంకా నిలుస్తుందా అని చూసుకోండి; కథకులు చాలాసార్లు అక్కడే దారి మారుస్తారు. ఫోన్ చూస్తూ, వంట చేస్తూ చూసే సిరీస్ కాదు. హాల్లో నలుగురు మాట్లాడుకుంటుంటే అసలే వద్దు.

ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకోవడంలో మొహమాటం అక్కర్లేదు. లూయిస్ యాస మొదట్లో కష్టం. "ఆయ్" అంటే అవును, మాట చివర "మాన్" అంటే మనం "ఒరే" అన్నట్టు. నిజానికి అతని కంటే హాథవేనే కష్టం, పెదవి కదపకుండా గొణుగుతాడు. చమత్కారాలన్నీ ఆ గొణుగుడులోనే పోతాయి. వినికిడి తక్కువ వాళ్ల కోసం చేసిన సబ్‌టైటిల్స్ దొరికితే అవే ఎంచుకోండి, తెర బయట మోగే ఫోను, తలుపు చప్పుడు కూడా రాస్తారు. ఈ కథల్లో అవి పనికొస్తాయి. సాధారణ నాణ్యతలో గంటకు సుమారు 1 జీబీ డేటా అవుతుంది, హెచ్‌డీలో దానికి మూడింతలు. తుఫాను రోజుల్లో నెట్ మీద ఆధారపడకుండా ముందే దించి పెట్టుకుంటే మంచిది, ఎందుకంటే నలభై నిమిషాల దగ్గర ఆగి మర్నాడు మొదలెడితే సగం ముఖాలు మరిచిపోతాం.

వరుస విషయంలో జరిగే పొరపాట్లు ఎక్కువ. పైలట్ (ముందుగా ఒక్కటే తీసిన ‘రెప్యుటేషన్’) తర్వాత మొదటి సీజన్‌లో 3, రెండు నుంచి ఆరు వరకు తలా 4, ఏడు నుంచి తొమ్మిది వరకు తలా 3 కథలు. అయితే ఆ చివరి మూడు సీజన్ల కథల్ని బ్రిటన్‌లో రెండేసి ముక్కలుగా ప్రసారం చేశారు. అందువల్ల ఒక జాబితాలో 33 ఉంటాయి, ఇంకో జాబితాలో 42 ఉంటాయి, రెండూ సరైనవే. మొదటి ముక్క చూసి "ఇదేంటి, హంతకుడు దొరక్కుండానే అయిపోయింది" అనుకుంటే రెండో ముక్క వెతుక్కోవాలి. అమెరికాలో ఇది ‘ఇన్‌స్పెక్టర్ లూయిస్’ పేరుతో పీబీఎస్ చానెల్‌లో వచ్చింది, అక్కడి లెక్కలో చివరిది ఎనిమిదో సీజన్. కాబట్టి సీజన్ అంకెను నమ్మకుండా ఎపిసోడ్ పేరు చూసి పెట్టుకోండి. అమెరికా ప్రసారం కోసం కొన్ని నిమిషాలు కోసిన కాపీలూ ఉన్నాయి. రెండు ముక్కల్లో ఒకటి కాకుండానే నిడివి గంటన్నర కంటే బాగా తక్కువ చూపిస్తే అది కోసినది. పోయేది ఎప్పుడూ హత్య సీను కాదు. లూయిస్, హాథవే పబ్బులో కూర్చుని మాట్లాడుకునే రెండు నిమిషాలు పోతాయి. అవి లేని లూయిస్ ఉప్పు లేని పప్పు.

డిస్కులు కొనేవాళ్లకు ఒక జాగ్రత్త. డీవీడీ ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడాలో చెప్పే అంకెను రీజియన్ అంటారు. బ్రిటన్ డీవీడీలు రీజియన్ 2, మన దేశం రీజియన్ 5. పాల్ (PAL) అనే టీవీ బొమ్మ పద్ధతి రెండు చోట్లా ఒకటే కాబట్టి బొమ్మతో ఇబ్బంది లేదు, ప్లేయరు అన్ని రీజియన్లూ చదివేదై ఉండాలి. కంప్యూటర్ డ్రైవులో రీజియన్‌ను కొన్నిసార్లే మార్చనిస్తుంది, తర్వాత చివరిగా పెట్టినదే శాశ్వతమైపోతుంది. ఆ పని చేయకండి.

33 చూసే తీరిక లేనివాళ్లకు దారి ఇది. ముందు ‘రెప్యుటేషన్’. ఇది మోర్స్ మీద మరీ ఎక్కువ వాలుతుంది, పాత అభిమానులను బుజ్జగించడానికి చేసిన పని కనబడుతుంది. హామ్లెట్ కథ నీడ కూడా కాస్త బరువుగా పడింది. అయినా వదలకూడదు, మనుషుల పరిచయం అక్కడే. ఆ తర్వాత 2008లో వచ్చిన ‘లైఫ్ బోర్న్ ఆఫ్ ఫైర్’. చనిపోయిన మనిషి తనకు తెలుసన్న సంగతి హాథవే తన పైఅధికారి దగ్గరే దాస్తాడు. ఇద్దరి మధ్య నమ్మకం మొదటిసారి చిట్లేది ఇందులో. దీన్ని మొదటి ఎపిసోడ్‌గా చూస్తే ఏమీ తగలదు, ‘రెప్యుటేషన్’ చూసే రావాలి. 2009లోని ‘ద క్వాలిటీ ఆఫ్ మెర్సీ’ తప్పనిసరి. విద్యార్థులు ఆడే ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ నాటకం చుట్టూ తిరిగే హత్య, దాని పక్కనే వాల్ మరణం ముడి విడుతుంది. కోపాన్ని ఒక మనిషి ఎంతసేపు చేతిలో పట్టుకుని నిలబడగలడో వేట్లీ ఇందులో చూపించారు, పెద్దగా అరవకుండానే. అదే సీజన్‌లో ‘ద పాయింట్ ఆఫ్ వానిషింగ్’ కూడా చూడాలి. ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో నిజంగా ఉన్న, ఉచ్చెల్లో అనే ఇటలీ చిత్రకారుడు వేసిన వేట చిత్రాన్ని కథకు ఆధారం చేసుకున్నారు. ఆ బొమ్మలో గీతలన్నీ దూరంగా ఒక బిందువులో కలిసే తీరు తెలిస్తే కథ అల్లిక ఇంకా రుచిస్తుంది. 2010 నుంచి ‘ద డెడ్ ఆఫ్ వింటర్’, ‘ఫాలింగ్ డార్క్‌నెస్’. మొదటిది హాథవే బాల్యం గడిచిన జమీందారీ బంగళాలో, రెండోది హాబ్సన్ పాత స్నేహితుల మధ్య. ఈ ఆరూ నచ్చితే మిగతావి వాటంతట అవే లాక్కెళతాయి. ‘కౌంటర్ కల్చర్ బ్లూస్’ మాత్రం ఆఖరికి ఉంచండి. చనిపోయిందనుకున్న పాటగత్తె తిరిగి రావడంతో మొదలై, కాకతాళీయాల మీద కాకతాళీయాలు పేర్చారు.

పేర్ల సంగతి ఒకటుంది. ఎపిసోడ్ పేర్లలో చాలావరకు కవిత్వం నుంచో బైబిల్ నుంచో తీసిన ముక్కలు. ‘ఓల్డ్, అన్‌హాపీ, ఫార్ ఆఫ్ థింగ్స్’ వర్డ్స్‌వర్త్ ‘సాలిటరీ రీపర్’లోది, మన ఇంగ్లీషు పాఠాల్లో చాలామంది బట్టీ పట్టిందే. ‘ఫియర్‌ఫుల్ సిమెట్రీ’ బ్లేక్ రాసిన పులి పద్యంలోది. ‘వైల్డ్ జస్టిస్’ ఇంగ్లీషు వ్యాసకర్త బేకన్ మాట; పగ అనేది ఒక రకం అడవి న్యాయమన్నాడాయన. పేరు ఎక్కడిదో తెలిస్తే హత్యకు కారణం ఏ దిక్కున ఉందో సూచన అందుతుంది. హంతకుడి పేరు మాత్రం అందదు, కాబట్టి ముందే వెతుక్కున్నా నష్టం లేదు.

పోలీసు పద్ధతుల దగ్గర మన ప్రేక్షకులకు కొన్ని చోట్ల తికమక వస్తుంది. ఒడిశాలో స్టేషన్‌కు ఐఐసీ (ఇన్‌స్పెక్టర్ ఇన్‌ఛార్జి) ఉన్నట్టు లూయిస్ ఒక స్టేషన్‌కు అధిపతి కాదు, అతను నేర పరిశోధన విభాగం ఇన్‌స్పెక్టర్. హాథవే లాంటి డిటెక్టివ్ సార్జెంటు చేసే పని మన ఎస్సై పనికి దగ్గరగా ఉంటుంది. ఇద్దరి దగ్గరా తుపాకీ ఉండదు, అక్కడ మామూలు పోలీసులకు ఇవ్వరు. అరెస్టు చేసేటప్పుడు గబగబా చదివే వాక్యాలు అలంకారం కాదు: మాట్లాడక్కర్లేదు, కానీ ఇప్పుడు చెప్పకుండా తర్వాత కోర్టులో ఆధారం చేసుకుంటే అది నీకే నష్టం కావచ్చు, చెప్పినది సాక్ష్యమవుతుంది. పోలీసు అధికారాల మీద అక్కడ 1984లో చేసిన చట్టం ప్రకారం కేసు పెట్టకుండా 24 గంటలు ఉంచవచ్చు, సూపరింటెండెంట్ స్థాయి అధికారి 36 దాకా పెంచవచ్చు, ఆపైన మేజిస్ట్రేట్ అనుమతితో మొత్తం 96 గంటలు దాటకూడదు. గోడ గడియారం వైపు లూయిస్ పదేపదే చూసేది అందుకే. ప్రశ్నలన్నీ రికార్డవుతాయి, కోరితే లాయరు పక్కనే ఉంటాడు. అందుకని హంతకుడు చివర్లో ఒప్పేసుకుంటే అక్కడ కేసు నిలుస్తుంది. మన దగ్గర పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు నిందితుడి మీద రుజువుగా చెల్లదు. పాత సాక్ష్య చట్టం 25వ సెక్షన్, ఇప్పుడు 2023 సాక్ష్య అధినియం 23. ఈ తేడా తెలియకపోతే "ఒప్పుకుంటే అయిపోయిందా?" అని చివరి పది నిమిషాలు వెలితిగా అనిపిస్తాయి.

హాబ్సన్ పనిని సిరీస్ శ్రద్ధగా చూపిస్తుంది. మన వైపు శవం సాధారణంగా గవర్నమెంటు ఆసుపత్రికి వెళుతుంది. అక్కడ డాక్టరే శవం దగ్గరికి వస్తుంది. చనిపోయిన సమయం అడిగితే గంట చెప్పదు, "ఇన్నింటికీ ఇన్నింటికీ మధ్య" అంటుంది. అది తప్పించుకునే మాట కాదు. శవం వేడి గంటకు ఒక డిగ్రీ సెల్సియస్‌కు కాస్త అటూ ఇటూగా తగ్గుతుందన్నది మోటు లెక్క. బట్టలు, గాలి, ఒంటి కొవ్వు, నీళ్లలో పడిందా లేదా అన్నదాన్ని బట్టి మారిపోతుంది. ఆక్స్‌ఫర్డ్ చలిలో ఆ లెక్క కొంత పని చేస్తుంది. మే నెలలో బయట వేడి 40 దాటిన రోజున గుణుపురంలో ఇదే లెక్క వేస్తే తప్పుతుంది, శవం చల్లబడటానికి గాలి చల్లగా ఉండాలి కదా.

లోపాలు లేవనడానికి లేదు. హాథవే చదువుకున్న చోటు, పెరిగిన చోటు, స్నేహం చేసిన వాళ్లు కేసుల్లోకి మరీ తరచుగా వచ్చేస్తారు. మూడోసారి వచ్చేసరికి నమ్మకం సన్నగిల్లుతుంది. ప్రొఫెసర్లు చాలామంది ఒకే అచ్చులో పోసినట్టుంటారు, వైన్ గ్లాసు, పరస్త్రీ, పదవి పోటీ. అతిథి పాత్రలో బాగా పేరున్న నటుడు చిన్న వేషం వేస్తే అతని మీద కన్నేయండి, తరచుగా సరిపోతుంది. వీధులు నిజమైనవే, కథలోని కాలేజీలు మాత్రం చాలావరకు కల్పితం. ఇన్నొసెంట్ పాత్రకు ఎనిమిది సీజన్లు తిట్టడం తప్ప పెద్ద పని ఇవ్వకపోవడం అన్యాయం. రెబెకా ఫ్రంట్ కనుబొమ ఎత్తితేనే సీను మారిపోతుంది, అలాంటి నటికి ఒక్క కథయినా పూర్తిగా రాయాల్సింది.

ఎనిమిదో సీజన్ (2014) గురించి అభిమానుల్లోనే తగాదా ఉంది. లూయిస్ రిటైరైపోయాడు, హాథవే ఇన్‌స్పెక్టరయ్యాడు, మళ్లీ లూయిస్‌ను పిలిపించారు. ఇద్దరూ ఇన్‌స్పెక్టర్లే అయితే ఎవరి మాట చెల్లాలి? మొదటి కథ ‘ఎంట్రీ వూండ్స్’లో ఈ ఇబ్బంది బాగా పండింది. కింద ఒక్కడూ మిగలకుండా పోయిన హాథవే, పైన ఉండటం అలవాటు తప్పని లూయిస్, మధ్యలో కొత్త సార్జెంటు లిజ్జీ మాడక్స్ (ఏంజెలా గ్రిఫిన్). తర్వాతి కథల్లో ఆ ఘర్షణను వదిలేసి పాత పద్ధతికి వచ్చేశారు, మాడక్స్‌కు కాగితాల పనే మిగిలింది. పైగా రెండు ముక్కల ప్రసారం వల్ల మధ్యలో తెలిసిన సంగతులే మళ్లీ చెప్పుకునే సీన్లు వచ్చాయి. ఆఖరి సీజన్‌లో స్టీవ్ తూసాంట్ కొత్త బాస్‌గా వచ్చి లూయిస్ ఇంకా ఎందుకిక్కడ అని అడగడంతో పైలట్‌లో ఇన్నొసెంట్ వేసిన ప్రశ్నే మళ్లీ ఎదురవుతుంది. హాథవే తండ్రి మతిమరుపు రోగం కథ అందులో అన్నిటికంటే మెత్తగా రాసిన భాగం. ముగింపు ‘వాట్ లైస్ టాంగిల్డ్’లో కన్నీళ్ల వీడ్కోలు పెట్టలేదు, మంచి పని చేశారు.

యువ మోర్స్ కథ ‘ఎండెవర్’ (2012–2023) ముందు చూడాలా అని చాలామంది అడుగుతారు. అది 1960లలో మొదలయ్యే కథ, లూయిస్‌కు దానితో పని లేదు. మోర్స్ ఎపిసోడ్లు రెండు మూడు చూసి లూయిస్‌కు వస్తే చాలు, అందులో 2000 నాటి చివరిది ఒకటిగా ఉండాలి. ఆసుపత్రిలో నిర్జీవంగా పడుకున్న మోర్స్ దగ్గర లూయిస్ వంగి నుదుటి మీద ముద్దు పెట్టే సీను చూసి వస్తే, ఐదేళ్ల తర్వాత విమానాశ్రయంలో ఒంటరిగా దిగిన మనిషి ఎవరో పరిచయం అక్కర్లేదు.